కంద సాగు: కొబ్బరి మధ్యలో 20 సెంట్లు, నల్ల నేల. విత్తనం, కాడ కుళ్ళు, ఎరువుల మీద సందేహాలు

ప్రశ్న | మొవ్వ_మాగాణి

కృష్ణా జిల్లా మొవ్వ దగ్గర 20 సెంట్లు ఉంది. అందులో అయిదేళ్ళ కొబ్బరి మొక్కలు పన్నెండు, ఎనిమిది మీటర్ల ఎడంతో ఉన్నాయి. మధ్య ఖాళీలో ఈసారి కంద వేద్దామనుకుంటున్నాం. నేల నల్ల రేగడి, వానాకాలంలో నీళ్ళు త్వరగా ఇంకవు. వేసవిలో బోరు నీళ్ళు ఉన్నాయి. తెలిసినవాళ్ళు ఈ విషయాలు చెప్పగలరు:

విత్తనానికి దుంపను కోసి వేయాలా, చిన్న దుంపను కోయకుండా వేయాలా? కోస్తే ఎలా కోయాలి? 20 సెంట్లకు ఎంత విత్తనం పడుతుంది?

ఈ నేలలో గుంతలు మేలా, బోదెలు మేలా?

చుట్టుపక్కల కంద చేలల్లో భాద్రపదం వానలకు ఆకు పచ్చగా ఉండగానే కాడ మొదట్లో మెత్తబడి పడిపోతోంది. కాడ మొదట్లో తెల్లగా బూజులా కనిపిస్తోంది. ఇది ఏం తెగులు, ముందే ఏం చేయాలి?

యూరియా, పొటాష్ మోతాదు మొక్కకు ఎంతో గ్రాముల్లో చెబితే బాగుంటుంది. బస్తాల లెక్క చిన్న ముక్కకు కుదరడం లేదు.

జవాబు 1 | లంకపొలం

మొవ్వ_మాగాణి గారూ, ముందు కంద మొక్క ఎలా పెరుగుతుందో ఒక్కసారి చూడండి. మీరడిగిన వాటిలో సగానికి జవాబు అక్కడే ఉంది.

మనం కాండం అనుకునేది కాండం కాదు, ఆకు కాడ. మచ్చలున్న ఆ కాడ, పైన గొడుగులా విచ్చుకున్న భాగం, రెండూ కలిపి ఒకటే ఆకు. అసలు కాండం నేలలో ఉన్న దుంపే. నాటిన ముక్కలో ఉన్న పిండి మొత్తం మొదటి ఆకు లేవడానికి, వేళ్ళు తన్నడానికి ఖర్చయిపోతుంది. కొత్త దుంప పాత ముక్క పైన, కాడ అడుగున తయారవుతుంది. పాత ముక్క చివరికి తోలులా చీకిపోయి అడుగున మిగులుతుంది. వేళ్ళు కూడా కొత్త దుంప పైభాగం నుంచి, కాడ చుట్టూ పుట్టి పక్కలకు పాకుతాయి. లోతుకు దిగవు.

దీన్నిబట్టి మూడు సంగతులు గుర్తుంచుకోండి. దుంప పైకి పెరుగుతుంది కాబట్టి పైన వదులు మట్టి కావాలి, మట్టి ఎగదోయాలి. వేళ్ళు పైపైన ఉంటాయి కాబట్టి మొక్క లేచాక పార లోతుగా దించకూడదు. పంట కాలం మొత్తంలో ఒక మొక్కకు వచ్చేవి రెండో మూడో ఆకులు, మహా అయితే నాలుగు. అందులో ఒక ఆకు పాడైతే దుంప బరువులో పెద్ద భాగం పోయినట్టే. రెండో ఆకు మొదటిదాని పక్కనుంచి లేచినప్పుడు పాతది అడ్డమని కోసేస్తుంటారు. ఆ పని చేయకండి. పాత ఆకు తనంతట తాను పండి వాలేదాకా పిండి దుంపలోకి దిగుతూనే ఉంటుంది.

ఇక లెక్క. మొక్కకు మొక్కకు, వరసకు వరసకు 90 సెంటీమీటర్ల ఎడం పెడితే 20 సెంట్లకు దాదాపు 1,000 మొక్కలు పడతాయి. కొబ్బరి మొదళ్ళ చుట్టూ రెండు మీటర్ల వ్యాసార్ధం వదిలేస్తే మీకు సుమారు 800. ఆ రెండు మీటర్లూ వదలాల్సిందే. కొబ్బరి వేళ్ళలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి, కంద తవ్వేటప్పుడు పలుగుకు తెగుతాయి. ముక్క అర కిలో చొప్పున 400 కిలోల విత్తనం కావాలి. కంద ఖర్చులో పెద్దది విత్తనమే, కాబట్టి ఏరే దగ్గర పట్టుదలగా ఉండండి.

రకం విషయంలో మన జిల్లాలకు గజేంద్ర సరిపోతుంది. కొవ్వూరు ఉద్యాన పరిశోధనా స్థానం నుంచి వచ్చిన రకం. దురద బాగా తక్కువ, దుంప నున్నగా గుండ్రంగా ఉంటుంది, చుట్టూ పిలకలు దాదాపు రావు. పిలకలు లేకపోతే బరువంతా ఒకే దుంపకు పోతుంది, వర్తకుడికీ నచ్చుతుంది. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ వాళ్ళ శ్రీపద్మ కూడా మంచిదే. కానీ ఇక్కడ టన్నుల లెక్కన విత్తనం దొరికేది గజేంద్రే.

కోసే పద్ధతి: దుంప పైన నడిమధ్యలో చిన్న గుంట, అందులో మొగ్గ, దాని చుట్టూ ఉంగరంలా ఒక గీత ఉంటాయి. ఆ మధ్య మొగ్గ బతికున్నంతకాలం పక్క కళ్ళను లేవనివ్వదు. అందుకే పైనుంచి కిందికి గుమ్మడికాయ బద్దల్లా కోయాలి. ప్రతి బద్దకూ మధ్య ఉంగరంలో కొంత భాగం రావాలి. రెండు కిలోల దుంప నాలుగు బద్దలవుతుంది. ఆదరాబాదరాగా అడ్డంగా కోస్తే కింది చక్కకు మొగ్గ ఉండదు. అది మొలిచినా వారాల తరబడి ఆలస్యంగా మొలుస్తుంది, చేలో సగం మొక్కలు పెద్దవి సగం చిన్నవి అవుతాయి. అలాంటి చేలో మట్టి ఎగదోయడం, ఎరువు వేయడం ఏదీ ఒక్కసారిగా కుదరదు.

కోసిన ముక్కల్ని చిక్కటి పేడ నీళ్ళలో ముంచి నీడన ఒక రోజు ఆరబెట్టండి. కోత మీద పొర కట్టి చేతికి తడి అంటకుండా ఉండాలి. పేడ నీళ్ళలో ట్రైకోడెర్మా పొడి కలపాలనుకుంటే కిలో విత్తనానికి 5 గ్రాములు. మందు వాడాలనుకుంటే ట్రైకోడెర్మా మానేసి లీటరుకు 2 గ్రాముల మాంకోజెబ్ కలిపిన నీళ్ళలో పది నిమిషాలు ముంచండి. రెండూ కలిపి వాడకండి. శిలీంధ్రాన్ని చంపే మందులో మేలు చేసే శిలీంధ్రాన్ని కలపడం డబ్బు దండగ.

జవాబు 2 | కొవ్వూరుతోట

లంకపొలం గారు చెప్పింది ఇసుక లంకలకు బాగా కుదురుతుంది. రేగడిలో మాత్రం కోసిన ముక్క కన్నా 400 నుంచి 500 గ్రాముల చిన్న దుంప కోయకుండా వేయడమే క్షేమం. కోత ఉన్నచోటే కుళ్ళు మొదలవుతుంది. ఇసుక నేలలో తడి నిలవదు కాబట్టి గాయం మానుతుంది. బంకమట్టిలో మొలక రావడానికి పట్టే 30, 45 రోజులూ కోత ముఖం తడి మట్టికి ఆనుకునే ఉంటుంది. మేలో ఒక పెద్ద వాన పడితే చాలు, ముక్కలు లోపలే చీకిపోయి మొలక ఖాళీలు కనిపిస్తాయి.

చిన్న దుంపలు బయట దొరకడం కష్టమే, ఆ మాట నిజం. అందుకే ఈ ఏడు ఒక మూల విత్తనం మడి వేసుకోండి. దుంపను 100 గ్రాముల ముక్కలుగా, ప్రతిదానికీ మొగ్గ ఉంగరం తగిలేలా కోసి, 60 సెంటీమీటర్లకు 45 ఎడంతో నాటితే వచ్చే ఏడాదికి కోయనవసరం లేని విత్తనపు దుంపలు వస్తాయి. 1,000 ముక్కలకు ఆరేడు సెంట్లు చాలు. ఆ మడి మటుకు ఇసుక పాలు ఎక్కువున్న చోట, నీరు నిలవని చోట వేయండి.

ఈ ఏడు కోసిన ముక్కే వేయాల్సి వస్తే ముక్క బరువు అర కిలో తగ్గనివ్వకండి. కోత ముఖం పక్కకు, మొగ్గ పైకి ఉండేలా పెట్టి, ముక్క అడుగున, పక్కన గుప్పెడు ఇసుక వేయండి.

మీ నేలకు గుంతలు వద్దు. కేరళ పద్ధతిలో రెండడుగుల గుంత తీసి ఎరువు నింపడం ఎర్ర నేలలకు, వాలు నేలలకు. రేగడిలో గుంత తీస్తే అది నీటి తొట్టే. బోదెలు ఎత్తండి. అడుగు ఎత్తు, మధ్య నుంచి మధ్యకు మూడడుగులు. వాటి మధ్య కాలువలన్నీ చివర ఒక మురుగు కాలువలో కలవాలి, ఆ కాలువ కనీసం అడుగున్నర లోతు ఉండాలి. బోదెలు బాగున్నా చివర నీళ్ళు పోయే దారి లేక మునిగే చేలు చాలా ఉంటాయి. వాన వెలిసిన గంటకు చేలోకి వెళ్ళి చూస్తే కాలువల్లో నీళ్ళు కదులుతూ ఉండాలి.

నాటే చోట మొక్కకు రెండు కిలోల బాగా చివికిన గెత్తం, 100 గ్రాముల వేపపిండి మట్టిలో కలపండి. 800 మొక్కలకు ఒకటిన్నర టన్ను పైచిలుకు గెత్తం అవుతుంది. పచ్చి గెత్తం వేయకండి. అది చివికేటప్పుడు వేడికి మొలక దెబ్బతింటుంది, కాడ కుళ్ళు శిలీంధ్రం కూడా సగం చివికిన చెత్త మీదే పెరుగుతుంది.

ముక్క మీద నాలుగంగుళాల మట్టి చాలు. నాటిన రోజునే బోదెల మీద ఎండుగడ్డి పరవండి. రోహిణి కార్తె ఎండలకు లేత మొలక కొన మాడిపోతుంది, గడ్డి ఆ వేడిని ఆపుతుంది, కలుపునూ సగం ఆపుతుంది. మొలక బయటికొచ్చాక కాడ చుట్టూ జానెడు మేర గడ్డి పక్కకు లాగేయాలి. ఈ చివరి మాట చాలామంది మరిచిపోతారు. కాడకు ఆనుకున్న తడి గడ్డే ఆ తెల్ల బూజుకు ఇల్లు.

మళ్ళీ అడిగినవారు | మొవ్వ_మాగాణి

ఇద్దరికీ ధన్యవాదాలండి. బోదెలే వేస్తాం. విత్తనం చూడ్డానికి వెళ్తే కొన్ని దుంపలకు మొగ్గ సన్నగా మొనదేలి ఉంది, కొన్నిటికి లావుగా బొద్దుగా ఉంది. లావుగా ఉన్నవి బలమైనవా? వర్తకుడు అవే తీసుకోమంటున్నాడు. ఇంకొకటి, ఎప్పుడు నాటాలి? కొందరు ఉగాది దాటగానే అంటున్నారు, కొందరు తొలకరికి అంటున్నారు.

జవాబు 3 | విత్తనగది

లావు మొగ్గ పూమొగ్గ అండీ. తీసుకోకండి. కంద దుంప బాగా పెద్దదై వయసు తీరితే వేసవిలో ఆకు బదులు పువ్వు ముందు వస్తుంది. ముదురు ఎరుపు రంగులో, కుళ్ళిన మాంసం వాసన వేసే పెద్ద పువ్వు. ఆ వాసనకు వచ్చే పురుగులే దానికి పరాగసంపర్కం చేస్తాయి. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ దుంపలో దాచిన పిండిని చాలావరకు అదే తినేస్తుంది. తర్వాత పక్క కన్ను నుంచి ఆకు వస్తుంది, ఆలస్యంగా, బలహీనంగా. అప్పటికే కొన్నవాటిలో ఇలాంటివి ఉంటే పూమొగ్గను మొదలంటా కోసి, ఆ గాయానికి బూడిద అద్ది, కూరకు వాడేయండి. విత్తనానికి కిలో నుంచి రెండు కిలోల దుంపలు మేలు, నాలుగయిదు కిలోలవి కూరకు మేలు.

ఏరేటప్పుడు మొగ్గతో పాటు ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. బొటనవేలితో దుంప చుట్టూ నొక్కండి, ఎక్కడా మెత్తగా దిగకూడదు. అడుగున పాత దుంప మచ్చ ఉంటుంది, అది పొడిగా ఉండాలి. తడిగా, పుల్లటి వాసనతో ఉంటే కుళ్ళు లోపలికి పోయిందని అర్థం. మొగ్గ చుట్టూ ఉన్న ఉంగరంలో తెల్లటి దూది ముద్దలు కనిపిస్తే అది పిండినల్లి. నిల్వలో చేరి మొగ్గ దగ్గర రసం పీలుస్తుంది, మొలక గిడసబారుతుంది. కొంచెమే ఉంటే కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, వేపనూనె కలిపిన సబ్బు నీళ్ళతో తుడిచి ఆరబెట్టండి. గంప మొత్తానికి ఉంటే ఆ విత్తనం వదిలేయండి.

వైరస్ మాత్రం దుంపను చూసి కనిపెట్టలేరు. అది ఆకు మీద కనిపిస్తుంది. లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి, ఆకులు సన్నబడి ముడతలు పడతాయి. చేమకు వచ్చే మొజాయిక్ వైరసే ఇది. ఒకసారి దుంపలోకి వచ్చిందంటే ఏటా విత్తనంతో పాటే వస్తుంది, పేనుబంక దాన్ని పక్క మొక్కలకు అంటిస్తుంది. మందు లేదు. కాబట్టి విత్తనం అమ్మేవాళ్ళ చేను ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒకసారి ఆకు మీద చూడగలిగితే అంతకన్నా మంచి పరీక్ష లేదు. ఈసారికి కుదరకపోయినా మీ చేలో అలాంటి మొక్కలు కనిపిస్తే కాడకు రంగు గుడ్డ కట్టి గుర్తుపెట్టుకోండి, ఆ దుంపలు కూరకే పంపండి, విత్తనానికి ఉంచకండి. కంద పక్కనే చేమ వేయకపోవడం కూడా మంచిది.

నాటే కాలం దుంపే చెబుతుంది. తవ్విన తర్వాత రెండు మూడు నెలలు కంద నిద్రలో ఉంటుంది, అప్పుడు నాటినా ఊరికే పడి ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో మొగ్గ ఉబ్బడం మొదలవుతుంది. బోరు ఉంది కాబట్టి ఏప్రిల్ చివర నుంచి మే మధ్య లోపు నాటండి. తొలకరి వానలు వచ్చేసరికి మొదటి ఆకు విచ్చుకుని ఉంటుంది, వానాకాలం మొత్తం దుంప పెరగడానికి దొరుకుతుంది. మృగశిర దాకా ఆగితే బంకమట్టిలో బోదె కట్టడమే కష్టం.

వేసవి తడుల విషయంలో రేగడికి పది పన్నెండు రోజులకొకటి చాలు. బోదె పక్కన వేలు పెట్టి రెండంగుళాల లోతులో పదును ఉందో లేదో చూసి ఇవ్వండి. మొలవని దుంపకు వేళ్ళే ఉండవు, అది నీళ్ళు తాగదు. మొలవకముందు అతిగా నీళ్ళు పెట్టడం వల్ల పోయిన కందే ఎక్కువ.

జవాబు 4 | కొవ్వూరుతోట

గ్రాముల లెక్క ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తాను. కందకు హెక్టారుకు 100 కిలోల నత్రజని, 50 కిలోల భాస్వరం, 150 కిలోల పొటాష్ సిఫారసు. 90 సెంటీమీటర్ల ఎడంలో ఒక్క మొక్క వంతుకు తెస్తే ఇలా అవుతుంది.

మొదటి దఫా, నాటిన 45 రోజులకు, అంటే మొదటి ఆకు విచ్చుకున్నాక: యూరియా 9 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 25 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 10 గ్రాములు. 800 మొక్కలకు యూరియా 7 కిలోలు, సూపర్ 20 కిలోలు, పొటాష్ 8 కిలోలు.

రెండో దఫా, ఇంకో నెలకు: యూరియా 9 గ్రాములు, పొటాష్ 10 గ్రాములు. అంతే.

కాడకు జానెడు దూరంలో చుట్టూ చల్లి, పైపైన కలుపు తీస్తూ మట్టి ఎగదోయండి. ఎరువు కాడకు తగిలితే అక్కడ మాడి గాయమవుతుంది. రెండో దఫా తర్వాత యూరియా జోలికి పోకండి. ఆకు నల్లగా నిగనిగలాడుతుంటే ముచ్చటగా ఉంటుంది గానీ ఆలస్యంగా పడిన నత్రజని కాడను మెత్తబరుస్తుంది, దుంప నిల్వ ఉండదు. పొటాష్ మాత్రం తగ్గించకండి. పిండి దుంపలోకి చేరడానికి అదే కావాలి, యూరియా కన్నా అది ఎక్కువ పెట్టమనడానికి కారణం అదే. కొబ్బరికి వేసే ఎరువు వేరు, అందులోంచి ఇది తగ్గించకండి.

మొదటి రెండు నెలలు బోదెల మధ్య ఖాళీ ఊరికే ఉంటుంది. పెసర చల్లి, పూత దశలో కోసి బోదెల మీదే పరిస్తే కలుపూ ఆగుతుంది, ఎరువూ అవుతుంది.

జవాబు 5 | లంకపొలం

కాడ కుళ్ళు సంగతి. మీరు చెప్పిన లక్షణాలు స్క్లెరోషియం రాల్ఫ్‌సై అనే శిలీంధ్రానివి. వేరుశనగలో మొదలు కుళ్ళు తెచ్చేదీ ఇదే. నేల మట్టానికి కాడ మీద ముందు గోధుమ రంగు మచ్చ, నీళ్ళు ఊరినట్టు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో కాడ చుట్టూ తిరుగుతుంది. దగ్గరగా వంగి చూస్తే తెల్లటి దారాలు విసనకర్రలా మట్టి మీదికి పాకి ఉంటాయి. వాటి మధ్య మొదట తెల్లగా, తర్వాత గోధుమ రంగుకు తిరిగే, ఆవగింజల్లాంటి గుండ్లు ఉంటాయి. ఆ గుండ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. అందుకే ఒకసారి వచ్చిన చేలో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఆకు పండి సహజంగా పడిపోవడాన్ని దీంతో కలపకండి. కార్తీకం దాటాక ఆకు అంచుల నుంచి పసుపు తిరిగి, కాడ మొదలు పొడిగా వడలి పక్కకు వాలితే అది పంట పక్వానికి వచ్చిన గుర్తు. కుళ్ళులో పైన ఆకు ఇంకా పచ్చగా ఉండగానే మొదలు తడిగా మెత్తబడుతుంది.

ఈ శిలీంధ్రానికి మూడు కావాలి: వేడి, తడి, గాయం. భాద్రపదంలో వానలు, మధ్యమధ్య ఎండ, అప్పుడే కలుపు తీసిన పార దెబ్బ, మూడూ కలుస్తాయి. నాటిన నాలుగో నెల వచ్చాక పార పెట్టకండి, కలుపు చేత్తో పీకండి. తెగులు కనిపించిన మొక్క చుట్టూ ఉన్న మట్టిని గుండ్లతో సహా రెండు దోసిళ్ళు తీసి సంచిలో వేసి చేను బయటికి పంపండి, గట్టు మీద పోయకండి. ఆ మొక్కకూ చుట్టుపక్కల ఎనిమిది మొక్కలకూ లీటరుకు 2 గ్రాముల కాప్టాన్ కలిపిన నీళ్ళు కాడ మొదలు తడిసేలా పోయండి. మందు ఆకు మీద చల్లితే ప్రయోజనం లేదు, జబ్బు ఉన్నది మట్టి దగ్గర. పోసేముందు కాలువలో నీళ్ళు నిలిచి ఉంటే ముందు వాటిని తీసేయండి. నీళ్ళలో నిలబడ్డ మొక్కకు ఏ మందూ పనిచేయదు.

ముందుజాగ్రత్తగా ట్రైకోడెర్మా వాడాలంటే రెండు కిలోల పొడిని 100 కిలోల గెత్తం, పది కిలోల వేపపిండిలో కలిపి, నీళ్ళు చిలకరించి, గోనె కప్పి పదిహేను రోజులు నీడన ఉంచండి. కుప్పంతా ఆకుపచ్చ బూజు పట్టాక బోదెల్లో వేయండి. పొడిని నేరుగా ఎండు మట్టిలో చల్లితే అది బతకదు.

మీ డెల్టాలో ఒక వీలు ఉంది. వరి వేసి నీళ్ళు నిలబెట్టిన నేలలో ఆ గుండ్లు చాలావరకు చస్తాయి. కొబ్బరి మధ్య అది కుదరదు గానీ, రేపు వేరే ముక్కలో కంద వేయాలంటే వేరుశనగ, టమాట, మిరప వెనక కాకుండా వరి వెనక వేయండి.

ఇంకొకరి ప్రశ్న | మిద్దెతోట_సికింద్రాబాద్

పొలం మాట కాదుగానీ, మిద్దె మీద కంద పెంచొచ్చా? మార్కెట్లో కొన్న ముక్క వంటింట్లోనే మొలక వేసింది. ఎంత కుండీ కావాలి? ఇదివరకు నాటిన కంద శీతాకాలంలో ఆకు పడిపోయి కనిపించకుండా పోయిందని చాలామంది అంటుంటారు. చచ్చిపోతుందా?

జవాబు 6 | విత్తనగది

పెంచొచ్చండి. కొంచెం నీడ ఉన్నా కంద సర్దుకుంటుంది కాబట్టి మిద్దెకు అనువైన దుంప పంటే. 18 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న గ్రో బ్యాగు మంచిది, 20 లీటర్ల రంగు డబ్బా కనీసం. అడుగున అయిదారు రంధ్రాలు వేలు దూరేంత ఉండాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. కొబ్బరి పొట్టు ఎక్కువ వేస్తే వానాకాలంలో తడి ఆరదు, దుంప చీకుతుంది.

బ్యాగును ముందే నిండుగా నింపకండి. మూడింట రెండు వంతులు నింపి, 250 నుంచి 300 గ్రాముల ముక్కను మొలక పైకి ఉండేలా పెట్టి, మూడంగుళాల మట్టి కప్పండి. దుంప పైకి పెరుగుతుందని లంకపొలం గారు చెప్పారు కదా, ఆకు విచ్చుకున్నాక నెలకోసారి రెండు మూడంగుళాల మట్టి, ఎరువు కలిపి పైన వేస్తూ పోండి. రసాయన ఎరువు వేస్తే పై మోతాదులో సగం చాలు. ఆకు మీటరు పైగా విప్పారుతుంది, గాలికి డబ్బా తిరగబడకుండా పిట్టగోడ పక్కన పెట్టండి.

మీరు కొన్న ముక్క మొలక వేసిందంటే మధ్య ఉంగరం అందులో ఉందన్నమాట. కోత ముఖం బూడిదలో అద్ది ఒక రోజు ఆరనిచ్చి నాటండి.

శీతాకాలంలో ఆకు పడిపోతే చచ్చినట్టు కాదు, నిద్రపోయినట్టు. అప్పుడు పాపం ఎండిపోతోందని నీళ్ళు పోసేవాళ్ళే దుంపను పోగొట్టుకుంటారు. ఆకు పసుపు తిరగడం మొదలవగానే నీళ్ళు తగ్గించి, కాడ వాలాక పూర్తిగా మానేయండి. రెండు మూడు వారాలకు తవ్వి కూరకు వాడుకోండి, లేదా బ్యాగును వాన తగలని చోట పొడిగా వదిలేయండి. మార్చిలో తీసి కొత్త మట్టిలో నాటుకోవచ్చు.

మళ్ళీ అడిగినవారు | మొవ్వ_మాగాణి

చాలా వివరంగా చెప్పారు. తవ్వకం, నిల్వ, దురద గురించి ఒక్క మాట చెబితే ఇది ప్రింటు తీసి పాకలో పెట్టుకుంటాం. మార్కెట్ ధర ఉన్నప్పుడు ముందే తవ్వొచ్చా?

జవాబు 7 | లంకపొలం

కూరకైతే ఆరో నెల నుంచి తవ్వొచ్చు. బరువు తగ్గుతుంది, నీటి శాతం ఎక్కువగా ఉంటుంది, వారం పది రోజుల్లో అమ్మేయాలి. పూర్తిగా పండేది ఏడెనిమిది నెలలకు, ఆకులన్నీ వాలాక. విత్తనానికి ఉంచేవి మటుకు పండిన తర్వాతే తవ్వాలి. ముక్క బరువుకు నాలుగయిదు రెట్లు వస్తే బాగా పండినట్టే, అంటే అర కిలోకు రెండు, రెండున్నర కిలోలు. పంటంతా ఒకేసారి తవ్వాల్సిన తొందర లేదు. నీళ్ళు నిలవకపోతే కంద నేలలోనే ఒకటి రెండు నెలలు బాగుంటుంది, ధరను బట్టి వరసలు వరసలుగా తీసుకోవచ్చు.

తవ్వడానికి రెండు మూడు వారాల ముందు తడి ఆపండి. పలుగు కాడ గుర్తుకు అడుగు దూరంలో, బోదె పక్కనుంచి ఏటవాలుగా దించి కిందనుంచి లేపండి. రేగడి మరీ ఎండి బీటలు వారితే పెళ్ళతో పాటు దుంప పగులుతుంది, అలా ఉంటే తవ్వే నాలుగు రోజుల ముందు పలచగా ఒక తడి ఇవ్వండి. పలుగు తగిలిన దుంపల్ని అక్కడికక్కడే వేరే గంపలో వేయండి. ఒక్క గాయపడ్డ దుంప పక్కనున్న పదింటిని పాడుచేస్తుంది.

మట్టి కడగకండి, చేత్తో దులపండి, వేళ్ళు తుంచేయండి. గాలి ఆడే నీడలో ఒక వారం ఒక్క వరసగా పరిస్తే పైతోలు గట్టిపడుతుంది. తర్వాత ఇసుక మీద గాని, వెదురు తడకల అటక మీద గాని ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. కుప్ప పోస్తే మధ్యలో చెమ్మ పట్టి కుళ్ళుతుంది. పదిహేను రోజులకోసారి తిప్పి చూసి మెత్తబడ్డవి ఏరేయండి. నిల్వలో బరువు తగ్గడం మామూలే, విత్తనం కొనేటప్పుడు అమ్మేటప్పుడు ఆ లెక్క మనసులో ఉంచుకోండి.

జవాబు 8 | కొవ్వూరుతోట

దురద గురించి: కందలో సూదుల్లాంటి కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలు ఉంటాయి, అవి చర్మంలో, గొంతులో గుచ్చుకోవడమే దురద. గజేంద్రలో తక్కువే గానీ లేకుండా లేదు. విత్తనం కోసే కూలీలకు ముందే చేతులకు కొబ్బరినూనె గాని వంటనూనె గాని రాయించండి, చేతి తొడుగులు ఇస్తే ఇంకా మంచిది. చేతులు తడిగా ఉంటే దురద ఎక్కువవుతుంది. దురద పుడితే నీళ్ళతో కడిగేముందు చింతపండు గుజ్జు రుద్దమనండి.

వంటలో తొక్క మందంగా తీసి, ముక్కలు కోశాకే కడిగి, చింతపండు నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. ఉత్త నీళ్ళలో ఎంత ఉడికించినా ఆ స్ఫటికాలు కరగవు, పులుపు కావాలి. కంద బచ్చలి కూరలో చింతపండు పులుసు పడటం రుచి కోసం మాత్రమే కాదు. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవాళ్ళు ఎలా వండినా తక్కువగా తినడం మంచిది.

ఒక్కటి మిగిలింది. తవ్వకం అయ్యాక బోదెల్లో తోలులా మిగిలిన పాత ముక్కలు, విరిగిన చెక్కలు ఏరించి బయట పారేయించండి. వదిలేస్తే వచ్చే మేలో అవే మొలుస్తాయి. వైరస్ ఉంటే వాటిలోనే ఉండిపోతుంది.